పెరడూ ఎండా: దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ఇళ్ల వెనక కూరగాయలు, పండ్లు

దిల్‌సుఖ్‌నగర్ మొదలుకొని ఎల్బీనగర్ మీదుగా వనస్థలిపురం, హయత్‌నగర్ దాకా ఇంటి స్థలాన్ని గజాల్లోనే లెక్కగడతారు. 30 అడుగుల ముఖం, 60 అడుగుల లోతు ఉన్న 200 గజాల ప్లాటు ఇక్కడి కాలనీల్లో మామూలు కొలత. ఇల్లు, మెట్లు, సంపు, బండి నిలిపే చోటు పోగా వెనక ప్రహరీకీ ఇంటి గోడకూ నడుమ 5 అడుగుల పట్టీ మిగులుతుంది. పొడవు 30 అడుగులు కనుక మొత్తం 150 చదరపు అడుగులు. చాలా ఇళ్లకు పెరడంటే ఇంతే. పాత ఇళ్ల వెనక ఇంకాస్త జాగా ఉంటుంది. అందులో జామచెట్టో కొబ్బరిచెట్టో కూడా ఉంటుంది.

ఈ నేల ఒకప్పుడు పొలమే. దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అనే ఆసామి తన సాగుభూమిని ప్లాట్లు చేసి అమ్మగా వెలసిన పేట దిల్‌సుఖ్‌నగర్. నగరం చుట్టుపక్కల గ్రామాల్లో అనాబ్-ఎ-షాహి ద్రాక్ష తోటలు ఉండేవి. ఊరు పెరిగేకొద్దీ ఆ పందిళ్లు పోయి కాలనీలు వచ్చాయి. 2007 ఏప్రిల్‌లో ఎల్బీనగర్, గడ్డిఅన్నారం మునిసిపాలిటీలు జీహెచ్‌ఎంసీలో కలిశాయి. 2018 సెప్టెంబరులో మెట్రో ఎల్బీనగర్ దాకా వచ్చింది. విడి ఇళ్లను కూల్చి అపార్ట్‌మెంట్లు కట్టడం జోరందుకుంది. దీనివల్ల పెరటి సాగుకు వచ్చిన చిక్కు జాగా తగ్గడం ఒక్కటే అనుకుంటే పొరపాటు. పక్క ప్లాటులో లేచే ప్రతి అంతస్తూ ఈ పెరటి ఎండలో కొంత పట్టుకుపోతుంది. ఇక్కడ ఏ మొక్క పండుతుందో, ఏది పండదో తేల్చడంలో గజాల కన్నా ఎండదే పెద్ద చెయ్యి.

వంగ, టమాట, బెండ, మిర్చి లాంటి కాయ కాసే మొక్కలకు రోజుకు 6 గంటల ఎండ తగలాలి. తోటకూర, పాలకూర, మెంతి, కొత్తిమీర 3, 4 గంటలతో సరిపెట్టుకుంటాయి. పుదీనా, బచ్చలి, తమలపాకు నీడపట్టున కూడా బతుకుతాయి. అయితే ఒకే పెరట్లో ఎండ పడే గంటలు ఋతువును బట్టి మారిపోతాయి. హైదరాబాదు పదిహేడున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశానికి దగ్గరగా ఉంది. మే రెండో వారంలో ఒక రోజు, ఆగస్టు మొదటి వారంలో ఒక రోజు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిటారుగా పాతిన కర్రకు ఆ వేళ నీడ ఉండదు. ఈ రెండు రోజుల నడుమ మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరానికి వాలి ఉంటాడు. మిగిలిన తొమ్మిది నెలలూ దక్షిణానికి వాలతాడు. డిసెంబరు చివర్లో 33 అడుగుల ఎత్తున్న ఇల్లు మిట్టమధ్యాహ్నం కూడా తన ఉత్తరం వైపు 28 అడుగుల దాకా నీడ పరుస్తుంది. జూన్‌లో అదే ఇంటి మధ్యాహ్నపు నీడ దక్షిణం వైపు మూడున్నర అడుగులకు మించదు.

కాబట్టి ఇంటికి ఉత్తరాన పెరడు ఉంటే వానాకాలమే దానికి సాగుకాలం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆ నేలకు నేరుగా ఎండ తగలదు. అదే వేళకు అందరిళ్లలోనూ టమాట, కాలీఫ్లవర్ నారు పెడతారు కనుక ఉత్తరపు పెరటివాళ్లూ పెడతారు. మొక్క సన్నగా సాగుతుంది, పూత నిలవదు. నింద విత్తనం మీదకో ఎరువు మీదకో పోతుంది. దక్షిణపు పెరట్లో, వెనక ప్లాటులో ఎత్తు కట్టడం లేకపోతే, చలికాలం కాపు నిండుగా వస్తుంది. తూర్పు పెరటికి పొద్దుటి ఎండ దక్కుతుంది, మొక్కకు అదే అన్నిటికన్నా మేలు. పడమటి పెరడు ఏప్రిల్, మే నెలల్లో మాడుతుంది. అక్కడ కూరగాయల మడి కన్నా మునగ, జామ, నిమ్మ లాంటి చెట్టు నయం. ఇంటి గోడకూ నీడ వస్తుంది. ఉత్తరానా తూర్పునా ఎక్కువ ఖాళీ వదలాలన్నది ఈ ప్రాంతంలో ఇల్లు కట్టే చాలామంది పాటించే వాస్తు. కూరగాయల లెక్కలో అందులో సగమే కలిసొస్తుంది: తూర్పు ఖాళీ మంచి మడి, ఉత్తరపు ఖాళీ చలికాలమంతా నీడపట్టు. మొక్కలు కొనకముందే డిసెంబరులో ఒకసారి, జూన్‌లో ఒకసారి, ఉదయం 8 గంటలకూ మధ్యాహ్నానికీ సాయంత్రం 4 గంటలకూ నీడ అంచు ఎక్కడుందో గోడ మీదా నేల మీదా సుద్దముక్కతో గీసుకుంటే ఏ మూల ఏది పెట్టాలో దాదాపు తేలిపోతుంది. వెనక గోడకు తెల్ల సున్నం వేస్తే వెలుతురు కొంత మొక్కల మీదకు తిరిగి వస్తుంది. ఇంతకన్నా చవకైన ఉపాయం లేదు.

ఎండ తర్వాత చూడాల్సింది నేల. హైదరాబాదు గ్రానైటు రాతి మీద ఉన్న ఊరు. ఆ రాయి చివికి అయిన ఎర్ర చెల్క ఇక్కడి సొంత మట్టి. నీరు త్వరగా ఇంకుతుంది, త్వరగా ఆరుతుంది, సారం తక్కువ. కింద రెండు మూడు అడుగుల్లోనే మొరం తగులుతుంది. ఇలాంటి ఎర్ర నేలల్లో వాన నీటితో పంట తీయడం మీద పరిశోధన చేసే కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, క్రీడా, 1985 నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు దగ్గర్లోని సంతోష్‌నగర్‌లోనే ఉంది. దాని పరిశోధన క్షేత్రం హయత్‌నగర్‌లో ఉంది. ఆ సంస్థ పట్టించుకునే మట్టి ఇక్కడి పెరళ్ల అడుగునా ఉంది, కానీ పైన కనిపించేది వేరు. ఇల్లు కట్టేటప్పుడు పునాది తవ్విన మొరం, ఇటుక ముక్కలు, సిమెంటు మాలు, సున్నపు పెళ్లలు వెనక్కి తోసి, పైన ఒక ట్రక్కు ఎర్రమట్టి పరిచి చదును చేయడం ఆనవాయితీ.

ఆ సిమెంటు, సున్నం మట్టిని క్షారం చేస్తాయి. క్షారమైన మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. నిమ్మ, కరివేపాకు, సపోటా లేత ఆకులు పచ్చదనం పోయి పసుపుకు తిరుగుతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉంటాయి. దీన్ని తెగులనుకుని మందు కొట్టేవాళ్లు ఎక్కువ. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు ఆకుల మీద పిచికారీ చేస్తే ఆకు పచ్చబడుతుంది. అది తాత్కాలికమే. అసలు పని మడి ఉన్న మేరకు ఒకటిన్నర అడుగు లోతున తవ్వి, రాళ్లూ పెళ్లలూ ఏరి, ఎర్రమట్టి రెండు వంతులు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక వంతు కలిపి నింపడం. 30 అడుగుల పట్టీ అంతా ఒకేసారి తవ్వనక్కర్లేదు. ఏడాదికి పది అడుగులు చేసుకుంటూ పోయినా మూడేళ్లకు పూర్తవుతుంది. ఎరువు శివార్లలోని బర్రెల డెయిరీల్లో దొరుకుతుంది. పచ్చి పేడ మడిలో వేస్తే చెదలు, వేరుపురుగు వస్తాయి, కాబట్టి మాగిందే తేవాలి.

ఎరువులో పెద్ద భాగం వంటింట్లోనే పుడుతుంది. 2015లో జీహెచ్‌ఎంసీ తడి చెత్తకు ఆకుపచ్చ డబ్బా, పొడి చెత్తకు నీలం డబ్బా ఇంటింటికీ పంచింది. ఆ తడి చెత్త డబ్బాలో పడేదంతా, అంటే కూరగాయల తొక్కలు, టీ పొడి, గుడ్డు పెంకులు, పువ్వులు, పెరటి మట్టికి రావలసిన సొమ్ము. అడుగునా పక్కలా రంధ్రాలు చేసిన పాత డ్రమ్ములో ఒక పొర తడి చెత్త, దాని మీద రెట్టింపు ఎండాకులు, గుప్పెడు మట్టి వేస్తూ పోవాలి. కంపు కొడితే తడి ఎక్కువైందని, ఎండాకులు చాలలేదని అర్థం. వారానికోసారి కలియబెడితే రెండు మూడు నెలల్లో నల్లటి ఎరువు తయారవుతుంది. వండిన అన్నం, మాంసం వేస్తే పందికొక్కులు చేరతాయి.

నీటి సంగతికి వస్తే, ఈ ప్రాంతానికి రెండు రకాల నీళ్లున్నాయి. ఒకటి నల్లా నీరు. నాగార్జునసాగర్ వైపు నుంచి 2004లో మొదలైన కృష్ణా జలాలు సాహెబ్‌నగర్ రిజర్వాయరు మీదుగా నగరంలోకి వచ్చేది ఈ తూర్పు దారినే. ఈ నీరు మొక్కకు మంచిదే, ఇంటి అవసరాలు పోగా మిగిలితే. రెండోది బోరు నీరు. చాలాచోట్ల అది గట్టి నీరు, ఉప్పులెక్కువ. బోరు నీరే పోసే మడిలో ఏడాది తిరిగేసరికి మట్టి మీద తెల్లటి పొర పేరుకుంటుంది. ఆ ఉప్పును కిందికి దించగలిగింది మంచి వానే. అందుకే జూన్, జులై వానలకు మడులను మూసి ఉంచకుండా తడవనివ్వాలి. నీళ్లు శుద్ధి చేసే ఆర్వో యంత్రం వదిలేసే నీరు వృథా పోతోందని మొక్కలకు పట్టడం ఇప్పుడు ఇంటింటా అలవాటైంది. యంత్రం తీసేసిన ఉప్పులన్నీ ఆ నీటిలోనే ఉంటాయి. నేలలో ఉన్న కొబ్బరికో అరటికో పోస్తే ఫరవాలేదు. కుండీల్లో రోజూ పోస్తే ఆకుల అంచులు మాడతాయి.

100 చదరపు అడుగుల మడికి ఎండాకాలంలో రోజుకు 40, 50 లీటర్లు అవసరమవుతాయి. ఎండాకులో వరిగడ్డో రెండంగుళాల మందాన కప్పితే ఆ అవసరం బాగా తగ్గుతుంది. మిద్దె మీద పడే వాన లెక్క చూస్తే ఇంకో దారి కనిపిస్తుంది: 1,000 చదరపు అడుగుల మిద్దె మీద 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే 900 లీటర్లు దాటుతుంది. ఒక గొట్టం దించి 200 లీటర్ల డ్రమ్ములు రెండు పెట్టుకున్నా వారం పాటు మడికి సరిపోతుంది. డ్రమ్ముకు దోమ దూరని మూత తప్పదు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది మురుగులో కాదు, ఇలాంటి శుభ్రమైన నిలవ నీటిలోనే. కుండీల కింది పళ్లేలను వారానికోసారి ఒంపేయాలి.

నీరు ఎక్కువైతే వచ్చే ముప్పు కూడా ఈ ప్రాంతానికి తెలుసు. 2020 అక్టోబరు 13న కురిసిన వానకు సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలు రోజుల తరబడి మునిగి ఉన్నాయి. అలాంటి పల్లపు చోట మడిని నేల మట్టానికి అడుగు ఎత్తున కట్టాలి. మొదలు దగ్గర నీరు రెండు రోజులు నిలిస్తే బొప్పాయి చచ్చిపోతుంది, జామ తట్టుకుంటుంది. వరద నీటిలో మురుగు కలుస్తుంది కనుక మునిగిన మడిలోని ఆకుకూరలను పీకేయడమే క్షేమం. మళ్లీ విత్తిన పంటను కూడా కొన్నాళ్లు పచ్చిగా తినకుండా ఉడికించి తినాలి.

ఇక ఏ కాలానికి ఏ పంట. రైతులు కార్తెల లెక్కన విత్తుతారు, పెరటికీ ఆ లెక్క చక్కగా సరిపోతుంది. చేప ప్రసాదం కోసం నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం కిటకిటలాడే మృగశిర కార్తె, అంటే జూన్ రెండు, మూడు వారాలు, వానాకాలపు పంటకు ఆరంభం. బీర, కాకర, సొర, పొట్ల, దోస, గుమ్మడి, బెండ, గోరుచిక్కుడు, అలసంద, గోంగూర అప్పుడే పెట్టాలి. వంగ, మిర్చి నారు కూడా ఆ రోజుల్లో పోసుకుంటే నాలుగైదు వారాలకు నాటుకు వస్తుంది. రెండో విడత హస్త, చిత్త కార్తెల్లో, సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు దాకా. టమాట, క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, క్యారెట్, పాలకూర, మెంతి, కొత్తిమీర ఆ చలికాలపు పంటలు. మూడోది జనవరి చివర, ఫిబ్రవరిలో పెట్టే ఎండాకాలపు దోస, బెండ, తోటకూర. రోహిణి కార్తె ఎండల్లో కొత్తగా ఏదీ పెట్టకపోవడమే మేలు. అప్పుడు మడికి విరామం, మట్టికి ఎండ.

2023 జులైలో కిలో టమాట 100 రూపాయలు దాటినప్పుడు నగరమంతా టమాట మొక్కల కోసం నర్సరీల మీద పడింది. నిజానికి చిన్న పెరటికి టమాట అంత లాభసాటి పంట కాదు. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పూత రాలుతుంది, వానాకాలంలో ఆకుమచ్చ పట్టుకుంటుంది, మొక్కకు రెండు చదరపు అడుగుల జాగా కావాలి. సెప్టెంబరు, అక్టోబరుల్లో నాటినది మాత్రం జనవరి, ఫిబ్రవరిలో బాగా కాస్తుంది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ హైబ్రిడ్ ఆకుముడత వైరస్, ఎండు తెగులు, ఆకుమచ్చ మూడింటినీ తట్టుకుంటుంది. టమాటకు ఇచ్చే చోటు వంగకు ఇస్తే ఎక్కువ రాబడి ఉంటుంది. రాజేంద్రనగర్‌లో రూపుదిద్దుకున్న భాగ్యమతి లాంటి రకం ఒకసారి కాపు అయ్యాక కొమ్మలు కత్తిరించి ఎరువు వేస్తే మళ్లీ చిగురించి కాస్తుంది.

అసలు లాభం ఆకుకూరల్లో ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినాలంటుంది. నలుగురున్న ఇంటికి ఏడాదికి దాదాపు 600 కిలోల కూరగాయలు. 150 చదరపు అడుగుల పెరడు అంత ఇవ్వలేదు, ఇస్తుందని చెప్పే ప్రకటనలను నమ్మనక్కర్లేదు. అయితే పది చదరపు అడుగుల తోటకూర మడి నెల తిరక్కుండా కిలో దాకా ఇస్తుంది. అలాంటి మడులు అయిదారు వారం తేడాతో విత్తుకుంటూ పోతే వారానికి రెండుమూడు పూటలు కూర కొనాల్సిన పని ఉండదు. ఆకుకూర కోసిన గంటకే వాడిపోయే సరుకు. పైగా నగరంలో అమ్మే ఆకుకూరల్లో కొంత మూసీ ఒడ్డున మురుగు నీటితో పండినది. ఇంటి మడికి ఉన్న విలువ తూకంలో కన్నా ఇక్కడ ఎక్కువ. ధనియాలను రెండు బద్దలుగా నలిపి విత్తాలి. పాలకూరను పీకకుండా అంగుళం ఎత్తున కోస్తే నాలుగైదు కోతలు వస్తాయి. గంగవాయిల కూర, పొన్నగంటి విత్తకుండానే వస్తాయి, వాటిని కలుపని పీకేయకుండా ఉంటే చాలు.

పుంటికూర అని ఇక్కడ పిలిచే గోంగూరకు, పాదు చిక్కుడుకు ఒక ప్రత్యేకత ఉంది. పగటి పొద్దు తగ్గి రాత్రి పెరిగితే తప్ప అవి పూతకు రావు. గోంగూర జూన్‌లో విత్తినా ఆగస్టులో విత్తినా అక్టోబరు తర్వాత పూతకు తిరుగుతుంది, ఆకు ముదురుతుంది. అందుకే తొందరగా విత్తినవాళ్లకే ఎక్కువ ఆకు. చిక్కుడు పాదు వానాకాలమంతా గోడ మీద ఆకులు వేస్తూ పోయి, చలి మొదలయ్యాక పూసి, సంక్రాంతి నాటికి కాపు నిండుతుంది. రథసప్తమికి చిక్కుడు కాయలతో రథం కట్టే ఆచారం ఆ కాపు వేళకు తగినదే. రాత్రంతా వీధి దీపం నేరుగా పడే గోడ మీదకు పాకిస్తే మొక్కకు రాత్రి చిన్నదిగా తోచి పూత ఆలస్యం కావచ్చు. పాదును దీపానికి చాటుగా పెట్టాలి.

తీగ జాతులు ఇరుకు పెరటికి బాగా నప్పుతాయి. వేరుకు ఒక అడుగు నేల ఇస్తే తీగ ప్రహరీ మీదుగా మిద్దె పిట్టగోడకు పాకి అక్కడి ఎండ అందుకుంటుంది. వీటిలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. మొదటి రెండు వారాలు దాదాపు మగపువ్వులే వస్తాయి, రాలిపోతాయి. పాదు గొడ్డుబోయిందని పీకేసేది అప్పుడే. పువ్వు కింద బుల్లి పిందె ఉంటే అది ఆడపువ్వు. అపార్ట్‌మెంట్ల నడుమ తేనెటీగలు తక్కువ కనుక మగపువ్వు కోసి, రేకులు తీసి, ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దాలి. గుమ్మడి, కాకర పొద్దున విచ్చుకుంటాయి కనుక 9 గంటల లోపు ఆ పని చేయాలి. సొర, బీర సాయంత్రం విచ్చుకుంటాయి, వాటికి పొద్దువాలాక చేయాలి. బతుకమ్మకు గుమ్మడి పువ్వులు కోసేవాళ్లు రెండుమూడు మగపువ్వులు పాదుకు ఉంచి మిగిలినవి కోసుకోవచ్చు, కాయ ఏమీ తగ్గదు. దొండకు ఈ తతంగం అక్కర్లేదు. ఆడ తీగ ముక్క నాటితే మగపువ్వు లేకుండానే కాయ కడుతుంది, ఏళ్ల తరబడి ఉంటుంది. ఏడాదికోసారి తీగను మోకాలి ఎత్తుకు నరికి ఎరువు వేయడమే పని.

పండ్ల చెట్ల విషయంలో ఇక్కడివాళ్ల ఆశ పెద్దది. కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021లో బాటసింగారానికి తరలిపోయేదాకా ప్రతి వేసవిలో మామిడి వాసనతో పెరిగిన పేటలివి. అందుకే ఇల్లు కట్టగానే బంగినపల్లి అంటు కొని వెనక పాతుతారు. బంగినపల్లి చెట్టు నాలుగు దిక్కులా 30 అడుగులు కోరుతుంది. 5 అడుగుల పట్టీలో పెడితే పదేళ్లకు సంపు గోడకూ పక్కింటి కిటికీకీ తగువు తెస్తుంది. మామిడే కావాలంటే ఆమ్రపాలి పెట్టాలి. దసేరీ, నీలం రకాలను సంకరం చేసి ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ 1971లో ఇచ్చిన ఈ రకం పొట్టిగా పెరుగుతుంది, ఏటా కాస్తుంది. తోటల్లో దీన్ని రెండున్నర మీటర్ల ఎడంతోనే నాటుతారు. కాయ కోసిన వెంటనే, జూన్ చివరిలోగా, కొమ్మలు కత్తిరిస్తే ఎనిమిది అడుగుల్లో ఆపవచ్చు.

ఒక్క చెట్టుకే చోటుంటే అది జామ కావాలి. లక్నో-49 రకం ఈ ఎర్ర నేలకు, గట్టి నీటికి, అప్పుడప్పుడూ నిలిచే వాన నీటికి తట్టుకుంటుంది. జామ కొత్త చిగురు మీద పూస్తుంది. మే నెలలో కొమ్మలు కత్తిరిస్తే వచ్చే చిగుళ్లు చలికాలపు కాయ ఇస్తాయి. వానాకాలపు కాయలో పండుఈగ పురుగు పడుతుంది, చలికాలపు కాయ శుభ్రంగానూ తియ్యగానూ ఉంటుంది. జామ తర్వాత సీతాఫలం. పాలమూరు జిల్లా బాలానగర్ పేరు మీదే మంచి రకం ఉంది. వేసవిలో ఆకు రాల్చుకుని నీరడగకుండా నిలుస్తుంది, వానకు చిగురించి దసరా వేళకు పండు ఇస్తుంది. దీని పువ్వుల్లో పుప్పొడి మోసేవి చిన్న పెంకు పురుగులు. అవి లేని చోట, సాయంత్రం బాగా విచ్చిన పువ్వు పుప్పొడిని కుంచెతో తీసి మరునాడు పొద్దున సగం విచ్చిన పువ్వుకు అద్దితే కాయ నిలుస్తుంది. నిమ్మలో తిరుపతి పరిశోధన స్థానం ఇచ్చిన బాలాజీ రకానికి గజ్జి తెగులు తక్కువ. దానిమ్మ నీడలో పూస్తుంది గానీ కాయదు. పూర్తి ఎండ లేని పెరట్లో దాన్ని మానుకోవచ్చు.

బొప్పాయి తొమ్మిది పది నెలల్లో పండుతుంది, జాగా తక్కువ తీసుకుంటుంది. రెడ్ లేడీ రకంలో మగ మొక్కలు రావు. మొదలు దగ్గర మట్టి ఎగదోసి నీరు నిలవకుండా చూడాలి. 2008లో తమిళనాడులో కనిపించిన బొప్పాయి పిండినల్లి ఇతర రాష్ట్రాలకూ పాకి చెట్లను తెల్లగా కప్పేసింది. మందులకు లొంగలేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి తెచ్చి వదిలిన ఒక బుల్లి కందిరీగ జాతి దాన్ని అదుపు చేసింది. ఇప్పటికీ ఆ కందిరీగలు పని చేస్తూనే ఉన్నాయి. బొప్పాయి మీద ఘాటు పురుగుమందు కొడితే ముందు చచ్చేది అవే. మునగలో తమిళనాడు పెరియకుళం వారి పీకేఎం-1 ఆరేడు నెలల్లో కాపుకు వస్తుంది. ఏడాదికోసారి మూడడుగుల ఎత్తుకు నరకాలి. వానాకాలంలో కాండం మీద గుంపుగా చేరే గొంగళ్లకు భయపడి కొందరు మునగను ఇంట్లో ఉంచరు. పాత గుడ్డ చుట్టిన కర్రను కిరోసిన్‌లో ముంచి తాకిస్తే ఆ గుంపు అక్కడికక్కడే పోతుంది.

పెరటి పురుగులకు చాలావరకు కళ్లూ చేతులే మందు. బెండ ఆకు ఈనెలు పసుపు పచ్చబడితే అది శంఖు రోగం, తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. దానికి చికిత్స లేదు, మొక్కను పీకేయాలి. తట్టుకునే అర్క అనామిక లాంటి రకం వేసుకోవడం, పసుపు రంగు జిగురు అట్టలు కట్టడం ముందుజాగ్రత్తలు. వంగలో కొమ్మ చివర వాలితే లోపల తొలుచు పురుగు ఉన్నట్టు, ఆ కొనను రెండంగుళాలు తుంచి సబ్బు నీళ్లలో వేయాలి. పేనుబంక, పిండినల్లి, మిర్చి ఆకుముడత తెచ్చే తామర పురుగుల మీద లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట పిచికారీ చేస్తే చాలు. మధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది. జామ, కాకర పిందెలకు కాగితపు సంచి తొడిగితే పండుఈగ బాధ ఉండదు.

హయత్‌నగర్, వనస్థలిపురం వైపు ఇళ్లకు కోతుల బెడద ఉంది, దానికి వేపనూనె పనిచేయదు. మడికి పైనా పక్కలా వల కట్టాలి. కుదరకపోతే కోతులు పెద్దగా ముట్టని కాకర, మిర్చి, గోంగూర, నిమ్మ, కరివేపాకు పెట్టుకోవాలి.

మొక్కలు, విత్తనం విషయంలో కొన్ని జాగ్రత్తలు. నర్సరీ మొక్క కొనేటప్పుడు సంచి అడుగున వేరు చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ మొక్క వద్దు. అంటు మొక్క అయితే అంటు కట్టిన ముడి నేలకు పైనే ఉండేట్టు నాటాలి, కింద నుంచి వచ్చే చిగుళ్లను గిల్లేయాలి. హైబ్రిడ్ కాయ గింజలు మళ్లీ విత్తితే అదే కాయ రాదు. నాటు రకాల బెండ, చిక్కుడు, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర విత్తనం మాత్రం ఇంట్లోనే కట్టుకోవచ్చు. పాదులో మధ్య కాపులోని మంచి కాయలను రెండు మూడింటిని కోయకుండా చెట్టునే ఎండనివ్వాలి. గింజలను నీడలో ఆరబెట్టి, కాస్త పొయ్యి బూడిదో ఎండిన వేపాకో కలిపి గాజు సీసాలో మూత బిగించి పెడితే మరుసటి ఏడాదికి మొలక చెడదు. బీర, సొర, కాకర విత్తనానికి మాత్రం చుట్టుపక్కల ఇళ్లలో వేరే రకం పాదు ఉందో లేదో చూసుకోవాలి. ఉంటే ఆడపువ్వును విచ్చుకోకముందే గుడ్డ ముక్కతో కట్టి, సొంత పాదు మగపువ్వుతో అద్ది, పిందె నిలిచేదాకా కట్టు విప్పకూడదు.